ఎస్‌హెచ్‌బీజీ టెస్టు: ఎవరికి అవసరం, దేనితో కలిపి చేయించుకోవాలి

రక్తంలో టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోన్‌ను పట్టుకుని ఉంచే ప్రొటీన్ ఎస్‌హెచ్‌బీజీ. దాని టెస్టు ఒక్కటే చేయించుకుంటే తేలేది చాలా తక్కువ. టెస్టోస్టిరోన్ రిపోర్టును సరిగా చదవడానికి పనికొచ్చే తోడు అంకె అది. అందుకే "ఈ టెస్టు చేయించుకోవాలా వద్దా" అని అడిగే ముందు "నాకు తేలాల్సింది ఏమిటి" అని అడగాలి. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ల్యాబ్ కౌంటర్ దగ్గరికి వెళ్తే టోటల్ టెస్టోస్టిరోన్, ఫ్రీ టెస్టోస్టిరోన్, ఎస్‌హెచ్‌బీజీ, పీసీఓడీ ప్రొఫైల్, మేల్ హార్మోన్ ప్యాకేజీ అని నాలుగైదు పేర్లు చెబుతారు. పేరు వినడానికి బాగుంది కదా అని "ఫ్రీ టెస్టోస్టిరోన్" ఎంచుకునేవాళ్లే ఎక్కువ. చాలా సందర్భాల్లో అదే తప్పు ఎంపిక. ఎందుకో వివరంగా చూద్దాం.

ఎస్‌హెచ్‌బీజీ అంటే సెక్స్ హార్మోన్ బైండింగ్ గ్లోబ్యులిన్. కాలేయంలో తయారై రక్తంలో తిరిగే ప్రొటీన్. టెస్టోస్టిరోన్‌ను, దానినుంచి పుట్టే డీహెచ్‌టీని, ఈస్ట్రోజెన్‌లలో ముఖ్యమైన ఎస్ట్రాడియాల్‌ను పట్టుకుని ఉంచుతుంది. డీహెచ్‌టీ మీద పట్టు అన్నిటికంటే గట్టిది, ఆ తరువాత టెస్టోస్టిరోన్, ఆ తరువాత ఎస్ట్రాడియాల్. ఇంట్లో డబ్బు లెక్కలా అనుకోండి. ఎస్‌హెచ్‌బీజీ పట్టుకున్నది ఫిక్స్‌డ్ డిపాజిట్. ఆల్బుమిన్ అనే మరో ప్రొటీన్ వదులుగా పట్టుకున్నది సేవింగ్స్ ఖాతా, కావలసినప్పుడు తీసుకోవచ్చు. ఎవరి పట్టులోనూ లేకుండా తిరిగేది చేతిలో ఉన్న నగదు. దీన్నే ఫ్రీ టెస్టోస్టిరోన్ అంటారు. మగవాళ్లలో ఇది మొత్తంలో 2 నుంచి 3 శాతం, ఆడవాళ్లలో దాదాపు 1 శాతం. టోటల్ టెస్టోస్టిరోన్ టెస్టు ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. డిపాజిట్ ఎంత, నగదు ఎంత అన్నది దాంట్లో కనిపించదు.

ఇద్దరు మగవాళ్ల రిపోర్టులు పక్కపక్కన పెడితే

ఒకతనికి టోటల్ టెస్టోస్టిరోన్ డెసిలీటరుకు 280 నానోగ్రాములు, ఎస్‌హెచ్‌బీజీ లీటరుకు 14 నానోమోల్‌లు అనుకుందాం. ఇంకొకతనికి టోటల్ 420, ఎస్‌హెచ్‌బీజీ 85. ఇద్దరికీ ఆల్బుమిన్ డెసిలీటరుకు 4.3 గ్రాములు. టోటల్ ఒక్కటే చూస్తే మొదటివాడు తక్కువ, రెండోవాడు నార్మల్. చాలా రిపోర్టుల్లో 280 పక్కన "లో" అని ముద్ర పడుతుంది.

ఇప్పుడు 1999లో వర్మ్యూలెన్ బృందం ప్రచురించిన సూత్రంలో ఈ అంకెలు వేయండి. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది అదే. మొదటివాడి ఫ్రీ టెస్టోస్టిరోన్ మిల్లీలీటరుకు సుమారు 82 పీకోగ్రాములు వస్తుంది, అంటే మొత్తంలో 2.9 శాతం. రెండోవాడికి 43 మాత్రమే, మొత్తంలో 1 శాతం. నడివయసు, పెద్దవయసు మగవాళ్ల మీద యూరప్‌లో జరిగిన పెద్ద అధ్యయనం 2010లో సూచించిన గీత లీటరుకు 220 పీకోమోల్‌లు, మన రిపోర్టుల కొలతలో సుమారు 63 పీకోగ్రాములు. ఆ గీతకు 280 ఉన్నవాడు పైనున్నాడు, 420 ఉన్నవాడు కిందున్నాడు. ఎస్‌హెచ్‌బీజీ చూడకపోతే మొదటివాడు అవసరంలేని ఇంజెక్షన్లు మొదలుపెట్టేవాడు, రెండోవాడికి "అన్నీ బాగానే ఉన్నాయి" అని చెప్పి పంపేవారు. మొదటివాడి విషయంలో నష్టం ఇంకా పెద్దది. బయటి టెస్టోస్టిరోన్ ఎక్కితే వీర్యకణాల తయారీ పడిపోతుంది. పిల్లల కోసం చూస్తున్న జంటకు అది పిడుగులాంటి వార్త.

మగవాళ్లకు: ఏది ముందు, ఏది తరువాత

మొదట టోటల్ ఒక్కటే చేయించండి. పొద్దున, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు. రెండుసార్లూ స్పష్టంగా ఎక్కువగా, ఉదాహరణకు 500, 550 ఉండి, థైరాయిడ్, కాలేయం బాగుంటే ఎస్‌హెచ్‌బీజీ మీద డబ్బు పెట్టనక్కర్లేదు. రెండుసార్లూ 120, 130 ఉన్నా అంతే, లోపం ఉందని తేలినట్టే. అక్కడినుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల పరీక్షల వైపు వెళ్లాలి. సమస్య వృషణాల్లోనా, మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలోనా అన్నది అవి చెబుతాయి.

ఎస్‌హెచ్‌బీజీ నిజంగా పనికొచ్చేది మధ్యలో ఉన్నవాళ్లకు. అమెరికాలోని హార్మోన్ నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకం ప్రామాణీకరించిన పద్ధతిలో కింది హద్దును 264గా తీసుకుంది, అమెరికా యూరాలజీ నిపుణుల సంఘం 300 అంటుంది. ఆ చుట్టుపక్కల, మోటుగా 200 నుంచి 400 దాకా, ఎవరి టోటల్ పడినా ఎస్‌హెచ్‌బీజీ కలిపి చూడాలి. పొట్ట బాగా ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు, ఫిట్స్ మందులు వేసుకునేవాళ్లు, 60 దాటినవాళ్లు అంకె ఎక్కడ పడ్డా కలిపి చూడటమే మంచిది.

ఇక ఫ్రీ టెస్టోస్టిరోన్‌కు ఉన్న మూడు దారులు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, ల్యాబ్ తప్పు లేకుండానే.

మొదటిది "డైరెక్ట్" ఫ్రీ టెస్టోస్టిరోన్. ల్యాబ్‌లో ఒక కిట్‌తో నేరుగా కొలుస్తారు. రిపోర్టు కింద పద్ధతి అన్నచోట ఆర్‌ఐఏ, ఎలీసా, సీఎల్‌ఐఏ అని ఉంటుంది. ఈ పద్ధతిని నమ్మొద్దని ఎండోక్రైన్ సొసైటీ స్పష్టంగా చెప్పింది. ఎస్‌హెచ్‌బీజీ తక్కువగా ఉన్నవాళ్లలో ఇది ఫ్రీని తక్కువ చేసి చూపిస్తుంది. అంటే ఎవరికోసం ఈ టెస్టు కావాలో వాళ్ల దగ్గరే తప్పుతుంది. దీని అంకెలు కూడా వేరు. మగవాళ్లలో నార్మల్ పరిధి సుమారు 10 నుంచి 25 పీకోగ్రాములు మాత్రమే. ఇంటర్నెట్‌లో చదివిన 63 గీతతో తన రిపోర్టులోని 14ను పోల్చుకుని హడలిపోయేవాళ్లు ఎందరో. ఆ రెండూ వేర్వేరు కొలబద్దలు, పక్కపక్కన పెట్టకూడదు.

రెండోది లెక్కకట్టే పద్ధతి. టోటల్, ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ మూడూ ఒకే రక్తం సాంపిల్‌లో చేయించి, సూత్రంలో వేసి ఫ్రీ ఎంతో తేల్చడం. కొన్ని ల్యాబ్‌లు రిపోర్టులోనే "క్యాలిక్యులేటెడ్ ఫ్రీ టెస్టోస్టిరోన్" అని ఇస్తాయి. ఇవ్వకపోయినా ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్లు ఉన్నాయి. చాలామందికి మా సిఫారసు ఇదే. ఆల్బుమిన్ కోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టక్కర్లేదు, లివర్ ఫంక్షన్ టెస్టులో అది ఎలాగూ వస్తుంది. అది కొంచెం అటూఇటూ అయినా లెక్క పెద్దగా చెడదు. పైన చెప్పిన రెండోవాడికి ఆల్బుమిన్ 4.3 బదులు 2.5 వేసినా ఫలితం 43 నుంచి 48కే కదులుతుంది. చెడేదల్లా ఎస్‌హెచ్‌బీజీ, టోటల్ తప్పుగా వచ్చినప్పుడు.

ఈ లెక్క పనికిరాని సందర్భం ఒకటి మన దగ్గర తరచూ ఎదురవుతుంది. వీర్యకణాలు తక్కువ ఉన్నాయని మెస్టెరోలోన్ మాత్రలు వాడుతుంటారు. ఆ మందు కూడా ఎస్‌హెచ్‌బీజీకి గట్టిగా అతుక్కుంటుంది, టెస్టోస్టిరోన్ కూర్చోవలసిన చోట్లను అదే ఆక్రమిస్తుంది. సూత్రానికి ఈ సంగతి తెలియదు. గర్భిణుల్లోనూ ఇంతే, ఎస్‌హెచ్‌బీజీ చాలా రెట్లు పెరిగి ఉంటుంది, దాన్ని పట్టుకునే ఈస్ట్రోజెన్లూ పోటెత్తి ఉంటాయి.

మూడోది ఈక్విలిబ్రియం డయాలిసిస్. ఫ్రీ టెస్టోస్టిరోన్‌కు ప్రామాణికమంటే ఇదే. సన్నని పొరకు ఒకవైపు సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం, ఇంకోవైపు ద్రావణం ఉంచి, 37 డిగ్రీల దగ్గర చాలా గంటలు వదిలేస్తారు. పట్టులో లేని టెస్టోస్టిరోన్ మాత్రమే పొర దాటుతుంది. దాటినదాన్ని అణువుల బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలుస్తారు. ఖర్చెక్కువ, చేసే ల్యాబ్‌లు తక్కువ, సాంపిల్ సాధారణంగా బయటికి వెళ్తుంది, రిపోర్టుకు రోజులు పడుతుంది. లెక్కకట్టిన అంకె సరిగ్గా గీత మీద పడి, జీవితాంతం మందు వాడాలా వద్దా అన్న నిర్ణయం దానిమీదే ఆధారపడితే ఇది తగిన ఖర్చు. మిగతావాళ్లకు అక్కర్లేదు.

జిమ్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట, కోపంతో కాదు, దిగులుతో చెబుతున్నది. టోటల్ సరిగా ఉండి ఎస్‌హెచ్‌బీజీ 5, 6 దగ్గర పడి ఉంటే డాక్టర్‌కు వెంటనే వచ్చే అనుమానం అనబాలిక్ స్టెరాయిడ్లు. స్టానోజోలోల్ లాంటి మాత్రలు ఎస్‌హెచ్‌బీజీని కొద్ది రోజుల్లోనే సుమారు సగానికి పడగొడతాయి. "మాస్ పౌడర్ మాత్రమే తీసుకున్నాను" అని దాచితే నష్టపోయేది మీరే. ఏం తీసుకున్నారో చెప్పండి, డబ్బా ఉంటే తీసుకెళ్లండి.

ఆడవాళ్లకు: ప్రశ్నే వేరు

ఆడవాళ్లలో ఈ టెస్టుల అవసరం ఎక్కువగా పీసీఓడీ, అంటే అండాశయాల పనితీరు, హార్మోన్లు గాడితప్పే సమస్య, ఉందన్న అనుమానంతో వస్తుంది. నెలసరి తప్పడం, గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, నడినెత్తిన జుట్టు పలచబడటం. ఇక్కడ వెతికేది లోపం కాదు, మగ హార్మోన్ల ఎక్కువతనం. మగవాళ్లకు పనికిరాని ఒక లెక్క ఇక్కడ పనికొస్తుంది, అది ఫ్రీ ఆండ్రోజెన్ ఇండెక్స్. టెస్టోస్టిరోన్‌ను లీటరుకు నానోమోల్‌లలోకి మార్చి, ఎస్‌హెచ్‌బీజీతో భాగించి, 100తో గుణించాలి.

ఒక రిపోర్టు తీసుకుందాం. టోటల్ టెస్టోస్టిరోన్ డెసిలీటరుకు 52 నానోగ్రాములు. దీన్ని 28.84తో భాగిస్తే 1.8 నానోమోల్‌లు. ఎస్‌హెచ్‌బీజీ 20 అయితే ఇండెక్స్ 9. ఎస్‌హెచ్‌బీజీ 60 అయితే అదే టెస్టోస్టిరోన్‌తో ఇండెక్స్ 3. సాధారణంగా 5 దాటితే ఎక్కువ అంటారు, ల్యాబ్‌ను బట్టి కొంచెం మారుతుంది. 52 అన్న అంకె పక్కన ఏ ముద్రా పడదు, చాలా ల్యాబ్‌ల పరిధిలోనే ఉంటుంది. వెంట్రుకలు వస్తున్నా "టెస్టోస్టిరోన్ నార్మల్, మీకేం లేదు" అని వినే అమ్మాయిల్లో కొందరి అసలు సంగతి ఎస్‌హెచ్‌బీజీ తక్కువగా ఉండటమే.

భాగించేటప్పుడు కొలత చూసుకోండి. ఒక ల్యాబ్ డెసిలీటరు లెక్కన 52 అని ఇస్తుంది, ఇంకో ల్యాబ్ మిల్లీలీటరు లెక్కన 0.52 అని ఇస్తుంది. రెండూ ఒకటే. 0.52ను మార్చకుండా క్యాలిక్యులేటర్‌లో డెసిలీటరు గడిలో వేస్తే ఫలితం వంద రెట్లు తప్పుతుంది.

ఇప్పుడు పద్ధతి ఎంపిక. ఆడవాళ్ల టెస్టోస్టిరోన్ మగవాళ్లదానిలో పదో వంతు కూడా ఉండదు. మామూలు సీఎల్‌ఐఏ యంత్రాలు మగవాళ్ల అంకెల దగ్గర బాగా పనిచేస్తాయి కానీ అంత కిందికి దిగితే తడబడతాయి. వేరే స్టెరాయిడ్ హార్మోన్లను కూడా టెస్టోస్టిరోన్‌గా లెక్కేస్తాయి. అందుకే 2023 అంతర్జాతీయ పీసీఓఎస్ (పీసీఓడీకే మరో పేరు) మార్గదర్శకం ఎల్‌సీ ఎంఎస్ ఎంఎస్ పద్ధతికి, అంటే మాస్ స్పెక్ట్రోమెట్రీకి పెద్దపీట వేసింది. మగవాళ్లు ఎక్కడైనా టోటల్ చేయించుకోవచ్చు. ఆడవాళ్లు అదనంగా పెట్టే డబ్బేదైనా ఉంటే "ఫ్రీ టెస్టోస్టిరోన్ డైరెక్ట్" మీద కాక, మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేసే టోటల్ మీద పెట్టడం తెలివైన పని. దాని పక్కన మామూలు ఎస్‌హెచ్‌బీజీ. అంతే చాలు.

పీసీఓడీ ప్రొఫైల్ పేరుతో అమ్మే ప్యాకేజీలో ఏమేమున్నాయో బిల్లు కట్టేముందు చదవండి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), టోటల్ టెస్టోస్టిరోన్ ఉండి ఎస్‌హెచ్‌బీజీ లేని ప్యాకేజీలు బోలెడు. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ ఉండాలి, వేరే కారణాలను పక్కన పెట్టడానికి అవి కావాలి. డాక్టర్ అడిగితే అడ్రినల్ గ్రంథి లోపాన్ని చూసే 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరోన్ కూడా. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ నిష్పత్తిని చూసి పీసీఓడీ అని తేల్చే పద్ధతి ఇప్పటి ప్రమాణాల్లో లేదు. నెలసరి సక్రమంగా రాకపోవడం, అవాంఛిత రోమాలు రెండూ స్పష్టంగా ఉండి, వేరే జబ్బులు లేవని తేలితే రోగం నిర్ధారించడానికి హార్మోన్ అంకె తప్పనిసరి కూడా కాదు. వెంట్రుకలు కనబడనివాళ్లకు, అనుమానం మిగిలినవాళ్లకు ఈ టెస్టు అసలు ఉపయోగం.

టోటల్ 150, 200 దాటిందా, గొంతు బొంగురుపోతోందా, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు వేగంగా పెరిగాయా, ఇండెక్స్ లెక్కలు పక్కన పెట్టి వెంటనే ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టర్‌ను కలవండి. అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉందేమో చూడాలి.

రిపోర్టును పాడుచేసే మాత్రలు

హైదరాబాద్‌లో బోరు నీళ్లవల్లే జుట్టు రాలుతోందని నమ్మి మెడికల్ షాపులో బయోటిన్ అనే బి విటమిన్ మాత్రలు కొనుక్కునేవాళ్లకు లెక్కలేదు. మనిషికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. ఆ మాత్రల్లో ఉండేది 5 లేదా 10 మిల్లీగ్రాములు. 10 అంటే అవసరానికి 330 రెట్లు. ఒంటికి పెద్ద హాని చేయకపోవచ్చు కానీ రిపోర్టును తలకిందులు చేస్తుంది.

ఎలా అంటే, చాలా యంత్రాల్లో యాంటీబాడీకి బయోటిన్ అనే తోక తగిలించి ఉంటుంది. బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ పూసిన సూక్ష్మకణాలు ఆ తోకను పట్టుకుని కొలవాల్సినదాన్ని లాగుతాయి. రక్తంలోనే బయోటిన్ నిండి ఉంటే కణాలు దానితోనే నిండిపోతాయి, తోకలకు చోటు దొరకదు, యంత్రానికి అందే వెలుగు తగ్గుతుంది. ఎస్‌హెచ్‌బీజీ టెస్టులో వెలుగు తగ్గితే అంకె తగ్గుతుంది. టెస్టోస్టిరోన్ టెస్టు తిరగేసిన పద్ధతి, అక్కడ వెలుగు తగ్గితే అంకె పెరుగుతుంది. రెండూ ఒకే వైపుకు నెడతాయి. ఉదాహరణకు నిజంగా టెస్టోస్టిరోన్ 40, ఎస్‌హెచ్‌బీజీ 45 ఉన్న అమ్మాయికి ఇండెక్స్ 3.1. బయోటిన్ వల్ల 60, 25 అని వచ్చాయనుకోండి, ఇండెక్స్ 8 దాటుతుంది. లేని రోగం రాసిపెట్టినట్టే. అదే సాంపిల్‌లో టీఎస్‌హెచ్ తక్కువ, టీ4 ఎక్కువ వచ్చి థైరాయిడ్ జబ్బు కూడా ఉన్నట్టు కనిపించవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. కొత్త తరం కిట్లు కొన్ని దీన్ని తట్టుకుంటాయి, కానీ మీ ల్యాబ్‌లో ఏది ఉందో కౌంటర్‌లో చెప్పేవాళ్లుండరు. కాబట్టి రక్తమిచ్చే ముందు కనీసం 3 రోజులు బయోటిన్ మానండి. "హెయిర్, స్కిన్, నెయిల్స్" అని రాసిన మల్టీవిటమిన్ కూడా అందులోకే వస్తుంది, సీసా వెనక చదవండి.

రెండోది పీరియడ్ వాయిదా మాత్ర. పెళ్లికో, వ్రతానికో, బోనాలకో, తిరుపతి ప్రయాణానికో నోర్‌ఎథిస్టెరోన్ వేసుకోవడం మన ఇళ్లలో మామూలు. ఈ మందు టెస్టోస్టిరోన్‌కు దగ్గరి చుట్టం. కొన్ని సీఎల్‌ఐఏ కిట్లు దీన్నే టెస్టోస్టిరోన్ అనుకుని అంకె పెంచి చూపుతాయి, పైగా అది ఎస్‌హెచ్‌బీజీని కిందికి లాగుతుంది. వేసుకున్నాక కనీసం ఒక పూర్తి నెలసరి గడవనివ్వండి, డాక్టర్‌కు చెప్పండి.

గర్భనిరోధక మాత్రలది దీనికి ఎదురు కథ. వాటిలోని ఈస్ట్రోజెన్ కాలేయం చేత ఎస్‌హెచ్‌బీజీని బాగా తయారు చేయిస్తుంది. మొటిమలకు ఇచ్చే సైప్రొటెరోన్ కలిసిన మాత్రలతో అది మూడు నాలుగు రెట్లు కావచ్చు. లెవోనార్‌జెస్ట్రెల్ కలిసిన మాలా ఎన్ లాంటి వాటితో పెరుగుదల తక్కువ. మాత్రలు వాడుతూ చేయించిన ఇండెక్స్ బాగుందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, పీసీఓడీ లేదని కాదు. నిర్ధారణకోసమే అయితే మాత్ర ఆపి కనీసం 3 నెలలు ఆగాలి. గర్భం రాకుండా ఈలోగా కండోమ్ లాంటి వేరే ఏర్పాటు చేసుకోండి. మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడాకే.

రక్తమిచ్చే రోజు

ఎస్‌హెచ్‌బీజీకి పొద్దున, సాయంత్రం పెద్ద తేడా లేదు, పరగడుపు అక్కర్లేదు. కానీ దాని తోడు టెస్టోస్టిరోన్‌కు రెండూ కావాలి. 7 నుంచి 10 గంటల మధ్య, రాత్రి భోజనం తరువాత మంచినీళ్లు తప్ప ఏమీ లేకుండా. దారిలో ఇరానీ చాయ్ తాగి "పరగడుపే" అని చెబితే లెక్కలోకి రాదు, అందులో చక్కెర ఉంది, గ్లూకోజ్ కడుపులో పడితే టెస్టోస్టిరోన్ తగ్గుతుంది. మాదాపూర్, గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు చేసేవాళ్లు పొద్దున 7కు షిఫ్టు దిగి నేరుగా ల్యాబ్‌కు వెళ్లకండి. టెస్టోస్టిరోన్ నిద్రలో పెరుగుతుంది, గోడ గడియారాన్ని చూసి కాదు. బాగా నిద్రపోయి లేచిన గంట రెండు గంటల్లో ఇవ్వండి, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. రంజాన్ నెలలో సహరీకి లేచి తింటారు, నిద్ర ముక్కలవుతుంది. తొందర లేకపోతే పండుగ వెళ్లిన రెండు వారాలకు పెట్టుకోండి. డెంగీ, టైఫాయిడ్, ఏ జ్వరమైనా కోలుకోకముందే చేయిస్తే టెస్టోస్టిరోన్ తక్కువే వస్తుంది.

నెలసరి వచ్చే ఆడవాళ్లకు 2 నుంచి 5వ రోజు లోపు మేలు. నెలలకొద్దీ రానివాళ్లు ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు, గర్భం లేదని చూసుకుని ఏ రోజైనా ఇవ్వొచ్చు.

ఏ ల్యాబ్

ల్యాబ్‌ల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ముద్ర ఉందా అని చూసి ఆగిపోవద్దు. వైద్య ల్యాబ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15189 ప్రకారం ఆ గుర్తింపు టెస్టు టెస్టుకు వేరుగా ఉంటుంది. ల్యాబ్‌కు గుర్తింపు ఉండి, ఎస్‌హెచ్‌బీజీ ఆ జాబితాలో లేకపోవచ్చు. ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ల్యాబ్ పేరు కొడితే జాబితా దొరుకుతుంది. కాలనీ ల్యాబ్‌లు ఈ సాంపిల్‌ను పెద్ద ల్యాబ్‌కు పంపుతాయి. అందులో తప్పేమీ లేదు, అడగాల్సింది రెండే: ఎక్కడ చేస్తారు, రక్తం తీసిన ఎంతసేపటికి సీరం వేరుచేస్తారు. హోమ్ కలెక్షన్‌కు వచ్చే అబ్బాయి తెల్లవారుజామునుంచి ఇళ్లు తిరుగుతూ, మే నెల ఎండలో బండి సంచిలో ట్యూబులు మోసుకుంటూ మధ్యాహ్నానికి చేర్చడం మామూలే. సంచిలో ఐస్ ప్యాక్ ఉందా, మీది ఎన్నో ఇల్లు అని అడగండి. ట్యూబ్ ఎర్ర మూతో పసుపు మూతో ఉండాలి, ఊదా మూత ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ కొన్ని ఎస్‌హెచ్‌బీజీ కిట్లకు సరిపోదు. మీ పేరున్న స్టిక్కర్ మీ కళ్లముందే అంటించమనండి.

డబ్బు చూసుకోవలసినవాళ్లు థైరాయిడ్, షుగర్, కాలేయం పరీక్షలను బస్తీ దవాఖానాలో ఉచితంగా చేయించుకోవచ్చు. సాంపిల్స్ 2018లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆవరణలో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ వ్యవస్థకు వెళ్తాయి. అవి ముందు చూసుకుంటే ఎస్‌హెచ్‌బీజీ అవసరమే పడకపోవచ్చు కూడా. పంజాగుట్ట నిమ్స్‌లో, ఉస్మానియా ఆస్పత్రిలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. ప్రైవేటులో ఏదైనా చేయించేముందు అక్కడ ఓపీలో చూపించుకుంటే ఏ టెస్టు కావాలో వాళ్లే రాస్తారు.

అంకె ఎక్కువైతే, తక్కువైతే

పెద్దవాళ్లలో మగవాళ్లకు సుమారు 15 నుంచి 55, ఆడవాళ్లకు 20 నుంచి 130 అన్నది మోటు లెక్క. మీ రిపోర్టులో రాసిన పరిధే మీకు లెక్క.

తక్కువగా ఉంటే మన ఊళ్లో మొదట చూడాల్సింది పొట్ట, షుగర్, ఫ్యాటీ లివర్. కాలేయం చక్కెరను కొవ్వుగా మార్చే పనిలో మునిగితే ఎస్‌హెచ్‌బీజీ తయారీ తగ్గుతుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష), లివర్ టెస్టు, టీఎస్‌హెచ్ చేయించండి. థైరాయిడ్ మందకొడిగా ఉన్నా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా తగ్గుతుంది. ఎక్కువగా ఉంటే థైరాయిడ్ అతిగా పనిచేయడం, కాలేయం గట్టిపడటం, ఫెనిటాయిన్, కార్బమాజపైన్ లాంటి ఫిట్స్ మందులు, గర్భం, ఈస్ట్రోజెన్ మాత్రలు, హెచ్‌ఐవీ, బాగా బరువు తగ్గిపోవడం. వయసుతోనూ మగవాళ్లలో మెల్లగా పెరుగుతుంది. ఎస్‌హెచ్‌బీజీని పెంచడానికో తగ్గించడానికో ఆన్‌లైన్‌లో అమ్మే పొడులు, బోరాన్ మాత్రలు కొనకండి. చికిత్స కారణానికి చేయాలి, ఈ అంకెకు కాదు.

మళ్లీ చేయించాల్సి వస్తే థైరాయిడ్ మందు మొదలుపెట్టినవాళ్లు టీఎస్‌హెచ్ దారికొచ్చాక, బరువు తగ్గుతున్నవాళ్లు 3 నెలలకు, మాత్రలు ఆపినవాళ్లు పైన చెప్పిన గడువు దాటాక. రెండోసారీ అదే ల్యాబ్, అదే పద్ధతి, అదే వేళ. మొదటి రిపోర్టు కాగితం పారేయకండి. దాని మీద రక్తం తీసిన గంట, ముందురోజు వేసుకున్న మాత్రలన్నీ పెన్నుతో రాసి ఉంచుకోండి, డాక్టర్ ముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి.